వానలో కట్టెలు కొట్టాల్సి వస్తే (తుఫాను జాగ్రత్తల మీటింగులో మాట్లాడిన దాని పాఠం, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా)

మైకు వెనక్కి వినబడతందా? ఆ, సరే. వెనకాల నిలబడ్డోళ్లు కూర్చోండి, కుర్చీలు చాలకపోతే అక్కడ చాప ఉంది, రెండు నిమిషాల్లో ముగించేస్తాను అని అబద్ధం చెప్పను, కొంచెం టైమే పడుతుంది.

తుఫాను గురించి టార్చిలైటు, మంచినీళ్లు, మందులు, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవడం, ఇవన్నీ సచివాలయం వాళ్లు ఇందాకే చెప్పేశారు, నేను మళ్లీ చెప్తే మీరు లేచిపోతారు. నాకు తెలిసింది కట్టె. వడ్రంగం చేశాను, తర్వాత సరుగుడు కట్టెల అడితి నడిపాను, కాబట్టి కట్టెలు కొట్టడం గురించే మాట్లాడతాను, అదీ వానలో కొట్టడం గురించి. నవ్వుతున్నారు కొందరు, ఇంట్లో గ్యాసు ఉండగా ఈయన గొడ్డలి అంటాడేటి అని.

గ్యాసు ఉంది, నిజమే. దీపం-2 ఉచిత సిలిండర్ల పథకం 2024 నవంబర్ 1న మొదలెట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, మన ఈదుపురంలో. కానీ తిత్లీ తుఫాను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటింది, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, కొబ్బరి జీడి పనస ఏదీ నిలబడలేదు. రోడ్ల నిండా చెట్లు, బండి రాదు, బండి రాకపోతే సిలిండర్ రాదు, కరెంటు లేదు కాబట్టి ఇండక్షన్ స్టవ్ ఉన్నోళ్లకీ అదే గతి. చుట్టూ ఎటు చూసినా కట్టే, కానీ అంతా తడి కట్టె, పచ్చి కట్టె. గొడ్డలి ఎప్పుడూ పట్టనోళ్లు కూడా ఆ వారం పట్టారు, కాలేజీ కుర్రాళ్లు పట్టారు, ఇంట్లో మగాళ్లు బయటి ఊళ్లలో పనికెళ్లిపోతే ఆడోళ్లే పట్టారు. నా మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం. రోజూ కొట్టేవాళ్లకి నేను చెప్పేదేమీ ఉండదు, ఒకటి రెండు తప్ప, అవి వస్తాయి లెండి.

వానరోజు దెబ్బలు తగిలేది పదును వల్ల అనుకుంటారు అందరూ. పదును వల్ల కాదు, ఇంకా మొద్దుబారిన గొడ్డలే ఎక్కువ ప్రమాదం, అది దిగదు, పక్కకి జారుతుంది. వానలో దెబ్బ తగిలేది కాలు జారి, చెయ్యి జారి, అన్నిటికంటే ఎక్కువ తొందర వల్ల. పొయ్యి మీద ఎసరు పెట్టేసి, పిల్లలు ఆకలి అంటుంటే, చీకటి పడుతుంటే, నెత్తి మీద గోనెసంచి కప్పుకుని నాలుగు కట్టెలు కొట్టేసి వచ్చేద్దాం అని బయటికెళ్తారు చూడండి, అదీ. కాబట్టి నేను మొత్తంలో చెప్పేది ఒకటే, వానలో తక్కువ కొట్టండి. ఎలా కొట్టాలి అనేదానికన్నా ముందు ఎంత కొట్టాలి అనేది తేల్చుకోండి, అప్పుడు సగం ప్రమాదం అక్కడే పోతుంది.

ఎలాగంటే, తడి కట్టె అంటే రెండు రకాలు. ఎండిపోయిన కట్టె మీద వాన పడింది, అది ఒకటి. మొన్నటిదాకా నిలబడి ఉన్న చెట్టు ఇవాళ గాలికి పడింది, అది ఇంకొకటి. మొదటిది పైపైనే తడి. బాగా ఎండిన సరుగుడు దుంగ వానలో ఉన్నా సరే, బెరడు ఊడదీసి మధ్యకి చీల్చి ఆ లోపలి ముఖాన్ని చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగలదు. చల్లగా తగిలిందంటే తడి లోపలికి పోయింది అని. ఇంకో పద్ధతి, రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి కొట్టండి, ఎండినవైతే టక్కుమని ఖంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. చీకట్లో కూడా పనికొచ్చే పరీక్ష అది.

రెండో రకం, పచ్చి చెట్టు, దాని బరువులో సగానికి దగ్గరగా నీళ్లే ఉంటాయి. బాగా మండాలంటే ఆ నీళ్లు 20 శాతం లోపుకి రావాలి, అందుకు ఎండలో నెలలు పడుతుంది. అలాంటిదాన్ని ఇవాళ చీల్చి ఇవాళే పొయ్యిలో పెడితే పొగ తప్ప ఏటీ రాదు, కళ్లు పోతాయి, అన్నం ఉడకదు. మరి ఆ వారం మనోళ్లు ఏం చేశారు, వాన కురుస్తుండగానే పడిన జీడిచెట్టు మీదకెక్కి నరికారు. ఎందుకూ? అది ఎక్కడికీ పోదు కదా. దాన్ని వదిలెయ్యండి, వాన తగ్గాక, నేల గట్టిపడ్డాక తీరిగ్గా కొట్టుకోవచ్చు. ఆ రోజుకి కావాల్సింది ఇంట్లో చూరు కిందో, పశువుల పాక అటక మీదో ఉన్న ఎండు కట్టె, అది ఒక పూటకి సరిపడా, అంతే.

ఇంకా మంచిది అసలు వానలో కొట్టకపోవడం. సెప్టెంబర్‌లో ఎండ కాసే రోజులుంటాయి, అప్పుడే వారానికి సరిపడా చీల్చి పెట్టుకోండి, మన దగ్గర పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లోనే కదా వచ్చేవి. దుంగల్లాగా దాచకండి, చీల్చి దాచండి. చీల్చిన కట్టె తొందరగా ఆరుతుంది, నీళ్లు బెరడు గుండా పోవు, చీలిన ముఖం నుంచి పోతాయి. నేల మీద పెట్టకుండా కింద రెండు ఇటుకల వరసలు గానీ పాత సిమెంటు స్తంభం ముక్కలు గానీ వేసి పేర్చండి, పై వరసలో బెరడు ఆకాశం వైపు ఉండేలా పెట్టండి, బరకం, అదే టార్పాలిన్, పైన మాత్రమే కప్పండి. చాలామంది నాలుగు వైపులా కిందిదాకా కప్పేసి తాడుతో కట్టేస్తారు, భద్రంగా ఉంటుందని, లోపల గాలాడక బూజు పడుతుంది. గాలికి ఎగిరిపోకుండా పైన రాళ్లు పెట్టుకోండి, పక్కలు వదిలెయ్యండి.

సరే, అయినా కొట్టాల్సొచ్చింది అనుకుందాం. ఎక్కడ కొడతారు?

వాకిట్లో సిమెంటు చప్టా ఉంటుంది, అందరూ అక్కడే మొదలెడతారు, శుభ్రంగా ఉంది కదా అని. వానాకాలం చప్టా మీద పాచి ఉంటుంది, కంటికి కనబడదు, అరికాలికి తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం అయిపోతుంది. పైగా గొడ్డలి సిమెంటుకి తగిలితే అంచు పోతుంది, ముక్క ఎగురుతుంది. బురద కూడా వద్దు. పశువుల పాక చూరు కిందో, పంచలోనో, పైకప్పుకి గొడ్డలి తగలనంత ఎత్తున్న చోటు చూసుకోండి, చూరు వాసాలు తగిలే చోట గొడ్డలి ఎత్తకండి. నేల జారుతుంటే ఇసక పొయ్యండి, మన ఈ ఉద్దానం ప్రాంతంలో ఇసకకి కరువేటి, ఇసక లేకపోతే ఊక, అదీ లేకపోతే పొయ్యిలో బూడిద. కాలు పెట్టే చోటే పొయ్యండి, మొద్దు మీద పొయ్యకండి, ఇసక అంటిన కట్టె కొడితే పదును ఒక్క పూటలో పోతుంది.

కాళ్లకి ఏం వేసుకోవాలి అన్నదాని మీద ఊళ్లో పెద్ద వాదనే ఉంది. హవాయి చెప్పులు మాత్రం వద్దు, ఇది నేను గట్టిగా చెప్తాను, తడిస్తే పాదానికీ చెప్పుకీ మధ్య నీళ్లు చేరి పాదం లోపలే జారుతుంది, చెప్పు నిలబడి ఉంటుంది మనిషి పడతాడు. (సభలో ఒక పెద్దాయన: మేం ఎప్పుడూ వట్టి కాళ్లతోనే కొట్టాం.) అవును మావయ్యా, మీ కాలికి నేల తెలుసు, మీరు జారరు, ఒప్పుకుంటాను. కానీ ముక్క ఎగిరి పాదం మీద పడితే, మేకు గుచ్చుకుంటే? పొలానికి వేసుకునే గమ్ బూట్లు ఉంటే అవి, లేకపోతే పిల్లల స్కూలు బూట్లైనా సరే, అడుగు భాగం గరుగ్గా ఉందో లేదో చూసుకుని. కుర్రాళ్లు లుంగీ ఎగ్గట్టి కాదు, ప్యాంటు వేసుకోండి. అమ్మా, కొంగు నడుం చుట్టూ బిగించి దోపుకోండి, నెత్తి మీద ప్లాస్టిక్ కవరు చెవులు మూసేలా కప్పుకోకండి, వెనక నుంచి గుంటడు పరిగెత్తుకొస్తే వినబడాలి కదా. గొడుగు పట్టుకుని ఒక చేత్తో కొట్టేవాళ్లని కూడా చూశాను, వాళ్లకి దండం.

ఇప్పుడు గొడ్డలి సంగతి. రోజూ కొట్టేవాళ్లకి చెప్పే ఒకటి రెండు అన్నాను చూడండి, అందులో ముఖ్యమైంది ఇదే, కొంచెం వివరంగా చెప్తాను.

కామ, అంటే గొడ్డలికి వేసే కర్ర పిడి, వదులైందనుకోండి, మనందరం చేసే పని ఒకటే, గొడ్డలిని బకెట్టు నీళ్లలో తలకిందులుగా రాత్రంతా నానబెడతాం. పొద్దున్నకి బిగిసిపోతుంది, హాయిగా కొట్టుకుంటాం. జరిగేదేటంటే, కర్ర నీళ్లు తాగి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న ఇనుము ఉబ్బదు, చోటు లేక కర్ర తనలో తానే నలుగుతుంది. లోపలి నారలు అణిగిపోతాయి. తర్వాత ఆరినప్పుడు మొదట ఉన్న లావుకి రాదు, ఇంకా సన్నబడుతుంది. మళ్లీ నానబెడతాం, మళ్లీ సన్నబడుతుంది. వానాకాలంలో ఆ బకెట్టు పని వానే చేస్తుంది. కాబట్టి జడివానలో గొడ్డలి బిగుతుగా ఉంటుంది, మనకి ధైర్యం వస్తుంది, తుఫాను వెళ్లిపోయాక రెండు రోజులు ఎండ కాస్తుంది చూడండి, అందరం పడిన చెట్లు కొట్టడానికి దిగేది అప్పుడే, సరిగ్గా అప్పుడే తల ఊడి ఎగురుతుంది. ఎదురుగా ఎవడుంటే వాడికి.

అందుకని ఏం చెయ్యాలి. గొడ్డలి తల కింద, కామ కనబడే చోట, ఇనుముకి ఆనించి పెయింటుతోనో మార్కర్ పెన్నుతోనో ఒక గీత గియ్యండి చుట్టూ. రోజూ ఎత్తే ముందు ఆ గీత చూడండి. గీతకీ ఇనుముకీ మధ్య సందు కనబడిందా, తల పైకి జరిగినట్టు, ఆ రోజు దాన్ని ముట్టుకోకండి. వడ్రంగి దగ్గరికి తీసుకెళ్తే పైన ఎండు చెక్క చీల కొత్తది దిగ్గొడతాడు, ఎక్కువసేపు పట్టే పని కాదు. చీల బదులు మేకులు కొట్టేవాళ్లుంటారు, మేకు కర్రని చీలుస్తుంది, బిగించదు. కామ పగిలి ఉంటే బైండింగ్ వైరు చుట్టి వాడతారు, అది అసలే వద్దు, తుమ్మ కర్రతో కొత్త కామ వేయించుకోండి.

కర్ర నీళ్లు తక్కువ తాగాలంటే ఎండాకాలంలోనే అవిసె నూనె పట్టించండి, రెండు మూడు సార్లు, సార్లకి మధ్య ఆరనిచ్చి. కొబ్బరి నూనె మన ఇంట్లోనే ఉంది కదా అని అది రాయకండి, అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడుతుంది, కొబ్బరి నూనె ఆరదు, చేతికి జిడ్డు అంటి ఇంకా జారుతుంది. పట్టు కోసం సైకిల్ ట్యూబు చుడతారు కొందరు, మంచిదే, కానీ కింద చెయ్యి పట్టే జానెడు మేర మాత్రమే చుట్టండి. పై చెయ్యి గొడ్డలి దింపేటప్పుడు కామ మీద కిందికి జారాలి, అక్కడ రబ్బరు ఉంటే చెయ్యి ఇరుక్కుని దెబ్బ పక్కకి పోతుంది. పత్తి గ్లౌజులు తడిస్తే సబ్బు రాసినట్టే, వాటికన్నా వట్టి చేతులు నయం, పక్కన పొడి గుడ్డ పెట్టుకుని నాలుగు దెబ్బలకొకసారి చేతులూ కామా తుడుచుకోండి.

కొట్టడం. కింద ఒక మొద్దు ఉండాలి, మోకాలి ఎత్తుకి కొంచెం తక్కువగా. చింత మొద్దు దొరికితే బంగారం, మాంసం కొట్టేవాళ్లు దాన్నే వాడేది అందుకే, చీలదు. నేల మీద దుంగ పడేసి కాలితో తొక్కిపట్టి కొట్టడం మన దగ్గర అలవాటు, పొడి రోజుల్లో ఎలాగో గడిచిపోతుంది, తడి రోజున పాదం కింద దుంగ దొర్లుతుంది, గొడ్డలి వచ్చేది పాదం మీదకే. మొద్దు ఉంటే తప్పిపోయిన దెబ్బ మొద్దులోకి పోతుంది, కాలిలోకి రాదు. మొద్దు మీద పాత టైరు ఒకటి పెట్టి దుంగని టైరు మధ్యలో నిలబెడితే ఇంకా సుఖం, చీలిన ముక్కలు ఎగరవు, కింద బురదలో పడవు, వంగి ఏరుకునే బాధ లేదు. బైకు టైరు సన్నం, కారు టైరు తెచ్చుకోండి.

కాళ్లు రెండూ పక్కపక్కనే, భుజాలంత ఎడంగా, ఒకటి ముందూ ఒకటి వెనకా కాదు. చూపు దుంగ మీద పగులు ఉన్న చోట, అక్కడే కొట్టాలి, పగులు లేకపోతే అంచు నుంచి మొదలెట్టాలి గానీ నడిమధ్యలో కాదు. ముడి ఉన్న కొస కిందికి పెట్టండి. గొడ్డలి దిగేటప్పుడు మోకాళ్లు కూడా వంచండి, ఇది చాలామందికి తెలీదు, నడుం ఒక్కటే వంచితే గొడ్డలి గుండ్రంగా తిరిగి మన ముంగాలి వైపుకే వస్తుంది, మోకాళ్లు వంచితే నిట్టనిలువుగా దిగుతుంది. కామ పొట్టిగా ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ, మనవి ఎక్కువ పొట్టి కామలే. తడి బెరడు మీద ఏటవాలుగా ఎప్పుడూ కొట్టకండి, జారిపోతుంది. నిలబెట్టిన దుంగ తల మీద, అడ్డంగా కోసిన చదును ముఖం మీదే దెబ్బ పడాలి.

గొడ్డలి ఇరుక్కుంటుంది, తడి కట్టెలో ఇది తప్పదు. కాలు పెట్టి గుంజకండి, ఒక్కసారిగా ఊడొచ్చి వెనక్కి పడతారు. కామ చివర అరచేత్తో కిందికీ పైకీ తడుతుంటే వదులవుతుంది. ఇంకో గొడ్డలి తెచ్చి ఇరుక్కున్న దాని వెనక కొట్టేవాళ్లున్నారు, ఇనుము మీద ఇనుము పడితే చిన్న తునక ఎగిరి కంట్లో పడుతుంది, ఆ తునక బుల్లెట్‌లాంటిదే. కళ్లకి వెల్డింగ్ షాపులో దొరికే తెల్ల ప్లాస్టిక్ అద్దాలు చాలు, ఖరీదేం కాదు, వానలో ఆవిరి పడుతుంది, తుడుచుకోండి, అంతేగానీ తీసెయ్యకండి. పిల్లలు, కోళ్లు, కుక్కలు, ఎవరైనా సరే మీరు గొడ్డలి చాపితే అందే దూరానికి ఇంకో రెండింతల అవతల ఉండాలి.

చెట్టు చెట్టుకీ తేడా ఉంది, అది చెప్పాలంటే రాత్రైపోతుంది. సరుగుడు తిన్నగా చీలుతుంది. జామాయిల్ మెలికలు తిరిగి ఉంటుంది, పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకోవాలి, ఎండితే రాయి. చింత జోలికి పోకండి. పనస పాలు కామకి అంటితే చెయ్యి అతుక్కుంటుంది. కొబ్బరి మొద్దు చీల్చాలని చూడకండి, అది మిగతా చెట్లలాంటిది కాదు, బయటంతా గట్టి నార, లోపలంతా మెత్తన, గొడ్డలి తిప్పికొడుతుంది. కొబ్బరి మట్టలూ డొక్కలూ చిప్పలూ ఉన్నాయి కదా, చిప్ప అయితే నీళ్లు పెద్దగా పీల్చదు, పైన తుడిచి పొయ్యిలో పెడితే తడి రోజున కూడా మంచి మంట. అటక మీద గోనెసంచి నిండా చిప్పలు దాచుకున్న ఇల్లు తుఫానులో ఇబ్బంది పడదు.

ఇప్పుడు చిన్న పుల్లలు. పెద్ద దుంగ కొట్టేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, వేళ్లు పోయేది చిన్నవి చేసేటప్పుడు. ఎడమ చేత్తో సన్న ముక్క నిలబెట్టి కుడి చేత్తో కత్తి వేస్తారు, వేలికీ కత్తికీ మధ్య బెత్తెడు కూడా ఉండదు, అదీ తడి చేతుల్తో. అలా వద్దు. కత్తిని ముందు ముక్క తల మీద ఆనించండి, ఊరికే ఆనించడమే, తర్వాత ఇంకో లావు కట్టె ముక్కతో కత్తి వీపు మీద తట్టండి. టక్, టక్, రెండు తట్లకి దిగిపోతుంది, కత్తి ఎక్కడికీ జారదు, గాల్లోకి లేవనే లేవదు. లేదంటే కత్తిని కొంచెం దించి, ముక్కనీ కత్తినీ కలిపి ఎత్తి మొద్దు మీద కొట్టండి. ఏదైనా సరే వేళ్లు పక్కన ఉంటాయి. కింద కూర్చుని రెండు కాళ్ల మధ్య పెట్టి కొట్టే అలవాటు మానుకోండమ్మా, తొడ లోపలి పక్క పెద్ద రక్తనాళం ఉంటుంది, అది తెగితే అంబులెన్స్ వచ్చేదాకా ఆగదు. మోకాళ్ల మీద కూర్చుని మొద్దుని ముందు పెట్టుకోండి.

మంట అంటుకోవడానికి ఒక చిట్కా. చీల్చిన ఎండు పుల్ల, బొటనవేలంత లావుది, దాన్ని ఏటవాలుగా పట్టుకుని చాకుతో పైనుంచి కిందికి పల్చటి పేళ్లు చెక్కండి, కానీ పూర్తిగా ఊడిపోనివ్వకండి, కింద అంటుకునే ఉండాలి. పది పన్నెండు పేళ్లు ఒకే చోట చుట్టలు చుట్టుకుని నిలబడతాయి. అలాంటివి మూడు చేసి పొయ్యిలో ఆనించి పెట్టి అగ్గిపుల్ల గీస్తే కిరసనాయిలు అక్కర్లేదు. చాకు ఎప్పుడూ మీ నుంచి అవతలికే పోవాలి. ఇది సాయంత్రం ఇంట్లో కూర్చుని టీవీ చూస్తూ చేసి పెట్టుకోవచ్చు, కరెంటు ఉన్నప్పుడే.

పడిన చెట్ల గురించి నాలుగు మాటలు. తీగల మీద పడిన చెట్టుని ముట్టుకోకండి, కరెంటు లేదు కదా అనుకోకండి, ఎవరింట్లోనో జనరేటర్ ఉంటుంది, లేదా హఠాత్తుగా లైను ఇస్తారు, 1912కి ఫోన్ చేసి చెప్పండి. వేళ్లతో సహా పెళ్లగించుకుని పడిన చెట్టుకి వేళ్ల చక్రం గోడలాగా లేచి ఉంటుంది, దాని కింద గుంటలో పిల్లలు ఆడతారు, కాండం నరకగానే బరువు పోయి ఆ వేళ్ల ముద్ద మళ్లీ గుంటలోకి కూర్చుంటుంది. వంగి బిగిసిన కొమ్మ తెగితే ఎగిరి ముఖం మీద కొడుతుంది, దాని ఎదురుగా నిలబడకండి, వంపు లోపలి వైపు నుంచి కొంచెం కొంచెంగా కొట్టండి. ఉరుము వినబడితే గొడ్డలి దించేసి లోపలికి రండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

కట్టెల పేర్పు దగ్గర పాములు. వానకి వాటి కన్నాల్లో నీళ్లు చేరితే పొడి చోటు వెతుక్కుంటాయి, మనం భద్రంగా కట్టిన పేర్పు వాటికి మంచి ఇల్లు. తాచు, కట్లపాము, రక్తపింజర, మూడూ ఉన్నాయి మన దగ్గర. తేళ్లు సరేసరి. పొడుగు కర్రతో పేర్పుని తట్టి కాసేపు ఆగి, పై వరస నుంచే తియ్యండి, మధ్యలోకి చెయ్యి పెట్టి లాగకండి, చీకట్లో అసలే వద్దు. కరిస్తే కొయ్యడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం, ఇవేమీ చెయ్యకండి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసెయ్యండి వాపొస్తుంది కాబట్టి, ఆ మనిషిని నడిపించకండి, 108కి ఫోన్ చెయ్యండి, రోడ్డు మూసుకుపోయి ఉంటే మంచం మీద మోసుకుని రోడ్డుదాకా తీసుకెళ్లండి. పాముకాటుకి మందు ఆసుపత్రిలో ఉంటుంది, మంత్రం దగ్గర పోగొట్టే గంట చాలా ఖరీదైంది.

గొడ్డలి దెబ్బ తగిలితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి కాలు ఎత్తు మీద పెట్టండి, మాటిమాటికీ తీసి చూడకండి. కాఫీపొడి, పసుపు, బూడిద వద్దు. బురదలో తగిలిన దెబ్బ కాబట్టి ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ని అడగండి. వేలు తెగిపోతే దాన్ని తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆ కవర్ని ఐసులో పెట్టాలి, ఐసు నేరుగా తగలకూడదు.

ఇంకోటి, ఇది మన ఉద్దానం వాళ్లకి ప్రత్యేకం. కట్టెలు కొట్టిన మర్నాడు భుజాలూ నడుమూ పట్టేస్తాయి, వెంటనే కొట్టుకెళ్లి ఒళ్లు నొప్పుల మాత్ర తెచ్చి వేసుకుంటారు, మూడు పూటలా. ఆ పెయిన్ కిల్లర్లు కిడ్నీకి మంచివి కావు, మన దగ్గర కిడ్నీ జబ్బులు ఎంత ఎక్కువో నేను చెప్పాలా. వేడినీళ్లు కాచుకుని పోసుకోండి, ఒక రోజు రెస్టు తీసుకోండి, నీళ్లు తాగండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికే.

అడగండి ఏమైనా ఉంటే.

(ఒక యువకుడు: రంపం మిషన్ అద్దెకి తెచ్చుకుంటే?) పెట్రోలు మిషనా కరెంటుదా? కరెంటుదైతే వానలో ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కుని వద్దే వద్దు. పెట్రోలుదైతే నేర్చుకున్నవాడి చేతే నడిపించు బాబూ, ఆ పూట కూలి ఎంతైనా ఇచ్చెయ్యి. అది దుంగలుగా కోసి పెడుతుంది, చీల్చడం ఎలాగూ నువ్వే చెయ్యాలి.

(ఒక మహిళ: తడి కట్టె అంటుకోకపోతే కొంచెం పెట్రోలు పోస్తాం.) తల్లీ, పెట్రోలు ద్రవం కాదు మండేది, దాని ఆవిరి. పోసి అగ్గిపుల్ల గీసేలోపు ఆవిరి మీ చీర దాకా వచ్చేస్తుంది. ఇందాక చెప్పిన పేళ్ల పుల్లలు చేసుకోండి. జీడిపిక్కల తొక్కు కూడా వేస్తారు కొందరు, అంటుకుంటుంది నిజమే, దాని నూనె పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది, ఆ నూనె చేతికి అంటితే పొక్కులొస్తాయని పలాస ఫ్యాక్టరీల్లో పనిచేసినోళ్లని అడగండి. ఇంట్లో వంటకి వద్దు.

(మరొకరు: గాలివానకి తలుపులన్నీ మూసేసి లోపల పొయ్యి పెట్టుకోవచ్చా?) మంచి ప్రశ్న. మంట ఉన్నంతసేపు పొగకి మనమే తలుపు తీస్తాం. భయం నిప్పుల దగ్గర. వంటయ్యాక ఎర్రగా నిప్పులు మిగిలితే చలికాచుకోవచ్చని కుంపట్లోకి ఎత్తి పడుకునే గదిలో పెట్టుకుంటారు, తలుపులు బిగించి. ఆ నిప్పుల నుంచి వచ్చే గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి పడని వైపు కిటికీ ఒకటి తెరిచి వంట చేసుకోండి, పడుకునే ముందు నిప్పులన్నీ నీళ్లు చల్లి ఆర్పెయ్యండి, కుంపటి గదిలోకి తేకండి. పొయ్యి పైన అటక మీద కట్టెలు ఆరబెట్టుకోవచ్చు, మంట నాలుక అందనంత ఎత్తుంటేనే.

సరే, బయట చూరు కింద సరుగుడు దుంగలు రెండు తెచ్చి పెట్టించాను, టైరు కూడా ఉంది, గమ్ బూట్లు ఉన్నోళ్లు ముందు రండి. నలుగురే, మిగతావాళ్లు ఆ స్తంభం అవతల నిలబడండి.